పెన్సిలమ్మ రాసిన మినిట్స్

ఎవరైనా పెద్దమనుషులను పొగుడుతుంటే నాకు నవ్వొస్తుంది. మా పట్టణ సంఘం ఆఫీసు నేలమాళిగలో రికార్డు గది నాది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ గదిలోనే కూర్చున్నాను. పైన మీటింగు హాల్లో ఎవరేం మాట్లాడారో, ఏం తీర్మానించారో రాసిన మినిట్స్ పుస్తకాలను బైండు చేయించి, దుమ్ము దులిపి, బీరువాల్లో సర్దడం నా ఉద్యోగం. సర్దేముందు చదివేదాన్ని. చదివినకొద్దీ మా సభ్యుల మీద గౌరవం పెరగాలి కదా? నాకు మాత్రం ఆ పుస్తకాలు రాసిన మనిషి మీద పెరిగింది. ఎందుకంటే ఆ సభ్యులు నోరు తెరిస్తే ఏం ఊడిపడుతుందో సందర్శకుల బల్ల మీద కూర్చుని నేను చెవులారా విన్నాను.

రాసినావిడ షార్ట్‌హ్యాండ్ ఉద్యోగి. ఆఫీసంతా పెన్సిలమ్మ అనేవాళ్లు. చెవి వెనక ఒక పెన్సిలు, చేతిలో ఒకటి, సంచిలో చెక్కి పెట్టుకున్నవి అరడజను. చెవి వెనక పెన్సిలు జారకుండా ఆవిడ తలకు చుట్టుకున్న స్కార్ఫు పట్టి ఉంచేది. ముస్లిం మనిషి. హిజాబ్ లేకుండా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. నన్ను అక్కా అనేది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మెట్లు దిగి నా గదికొచ్చేది, ఇద్దరం కలిసి తినేవాళ్లం.

భర్త బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి. ఆ చేతుల నిండా గ్రీజు మరకలే, కానీ పొద్దున్నే వాటిని రుద్ది రుద్ది కడుక్కుని ఈవిడ స్కార్ఫు ఇస్త్రీ చేసేది ఆయనే. పెళ్లైన కొత్తలో ఈవిడ ఒకటి కాల్చేసిందట, అప్పటినుంచి ఇస్త్రీ పెట్టె ముట్టుకోనివ్వలేదు. ఒక్కతే కూతురు. లిఫ్టులు బాగుచేసే చదువు చదివేది. అది తలకు ఏమీ చుట్టుకునేది కాదు. దాని మేనత్త ఇంటికొచ్చినప్పుడల్లా, "పిల్లకు చెప్పవా వదినా?" అని సాగదీసేది. "దాని తల, దాని ఇష్టం వదినా. నువ్వు అన్నం తిను" అని గిన్నె ముందుకు జరిపేది పెన్సిలమ్మ. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, నువ్వెందుకు కట్టుకుంటావే అని. "నీ చెవులకు ఆ రింగులెందుకని నిన్నెవరైనా అడిగారా అక్కా?" అంది. తర్వాత నా మొహం చూసి జాలి పడినట్టుంది, "దేవుడడిగాడని నాకనిపించింది, ఇచ్చాను. అంతే" అంది. నేను మళ్లీ అడగలేదు.

ఇక ఆవిడ పని సంగతి. మా అధ్యక్షుడు ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో పాతుకుపోయిన మనిషి. మురుగు కాలువ పొంగుతోందని ఒక వీధివాళ్లు వచ్చి మొత్తుకున్న రోజున ఆయన హాల్లో అన్న మాటలు ఇవి: "అబ్బబ్బ, వీళ్ల గోలేంటయ్యా... ఆ కాలువ... అదే, వాడెవడు... వాడి నోరు మూయించడానికి ఏదో ఒకటి చేసి చావండి." మినిట్స్ పుస్తకంలో ఉన్నది ఇది: "మురుగు కాలువ విషయమై పౌరుల ఆవేదనను అధ్యక్షులు సానుభూతితో ఆలకించి, తక్షణ చర్యలకు ఆదేశించారు." చూశారా! షార్ట్‌హ్యాండ్ గీతలను సాపు ప్రతిగా రాసేటప్పుడు ఆవిడ వాళ్ల బూతులు ఏరేసి, నీళ్లు నమిలిన చోట మాటలు పెట్టి, సగంలో వదిలేసిన వాక్యాలకు చివరలు కుట్టి మరీ రాసేది. పంతొమ్మిదేళ్లు అలా రాసింది. అధ్యక్షుడైతే ఆ పుస్తకాలు ఇంటికి తెప్పించుకుని అల్లుళ్లకు చదివి వినిపించేవాడు. తాను నిజంగానే అలా మాట్లాడతానని ఆయన నమ్మకం. పాపం, అద్దంలో చూసుకున్నాను అనుకున్నాడు.

టేపురికార్డరు పెడదామని ఒకసారి ఎవరో అన్నారు. పదకొండు మంది సభ్యులూ ఒక్క గొంతుతో వద్దన్నారు. నా బీరువాల్లో ఏకగ్రీవ తీర్మానం అదొక్కటే.

అందుకని పెన్సిలమ్మ పుస్తకమే సాక్ష్యం. దానికి కొన్ని రూల్సు ఉండేవి, అన్నీ వాళ్లు పెట్టుకున్నవే. ఒక్కో అంశానికి ఒక్కో పేజీ. ఆ పేజీని తర్వాతి నెల మీటింగులో గట్టిగా చదవాలి. సభ్యులు సరే అంటే అధ్యక్షుడు సంతకం పెడతాడు. సంతకం పడితేనే ఆ తీర్మానం చెల్లుతుంది. సంతకమైన పేజీ నకలు పట్టణ గ్రంథాలయంలో పెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. "నేనలా అనలేదు" అని ఏ సభ్యుడైనా లేస్తే షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కు తెరిచి అతను అన్న ముక్క పైకి చదవాలి. చివరిది, చదివి వినిపించడానికి తప్ప రాసే మనిషి మీటింగులో నోరు విప్పకూడదు. విప్పితే మాటలు తప్పిపోతాయట.

గొడవ ఒక ఫోటోతో మొదలైంది. హాలుకు కొత్తగా రంగులేశారు. ఆ సందర్భంగా సభ్యులంతా గుర్రపునాడా ఆకారం బల్ల చుట్టూ కూర్చుని, పొట్టలు లోపలికి పీల్చుకుని ఫోటో దిగారు. కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర పెన్సిలమ్మ కూడా అందులో పడింది, నీలం స్కార్ఫుతో. ఫోటో పెద్దది చేయించి గోడకు తగిలించారు. దాని ముందు నిలబడి కాంట్రాక్టరు అన్నాడు, "ఇదేంటి, మధ్యలో ఈ ముసుగేంటి?" అని.

పంతొమ్మిదేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి! ఆయన కళ్లు ఏం పీకుతున్నాయో మరి. ముసుగట, ముసుగు! ముఖమంతా కనబడుతూనే ఉంది, ఆ ముఖాన్ని వీళ్లు చూడలేదంతే. ఈ కాంట్రాక్టరు అంటే రోడ్లు వేసే సభ్యుడు. ఎండైనా వానైనా నెత్తిన తోలు టోపీ ఉండాల్సిందే, హాల్లోనూ తీయడు. ఆయనే తీర్మానం పెట్టాడు: మీటింగు హాలు అందరిదీ, అక్కడ పనిచేసే సిబ్బంది తల మీద మతం గుర్తుండకూడదు, స్కార్ఫు తీయడం ఇష్టం లేకపోతే నేలమాళిగకు బదిలీ చేయాలి.

నేలమాళిగంటే నా గది. మనిషిని శిక్షించడానికి పంపే చోటు నా గది అని నాకు ఆ రోజే తెలిసింది. ముప్ఫై ఏళ్లకు నాకు దక్కిన గౌరవం అది.

మూడు మీటింగులు నడిచాయి ఆ తీర్మానం మీద. మూడింటికీ వెళ్లి సందర్శకుల బల్ల మీద కూర్చున్నాను. లెక్చరరమ్మ అని ఒక సభ్యురాలు ఉండేది, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, మాట్లాడితే గంట. ఆవిడ కూడా పెన్సిలమ్మ స్కార్ఫు తీయించాలనే అంది, కాకపోతే జాలితో. ఆడవాళ్ల బానిసత్వం గురించి కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఆ బానిస రెండు గజాల దూరంలో కూర్చుని తన మాటలే రాస్తోందని ఆవిడ ధ్యాసలో లేదు. ఇటు తిరిగితే పెద్దాయన అని ఇంకో సభ్యుడు. ఫర్నిచరు షాపు యజమాని, పెన్సిలమ్మ మతం వాడే. స్కార్ఫు ఉండాల్సిందే అని బల్ల గుద్దాడు. ఎందుకయ్యా అంటే, అది తమవాళ్ల పరువట, తమ ఇళ్ల ఆడవాళ్ల తల మీద తమ మర్యాద నిలబడి ఉందట. తన మర్యాదను తన తల మీద పెట్టుకోవడానికి ఆయనకేం అడ్డమో నాకర్థం కాలేదు. మిగతావాళ్లు ఎటు గాలి వీస్తే అటు తల ఊపారు. పెన్సిలమ్మ తల వంచుకుని రాస్తూనే ఉంది. ఒక్కరంటే ఒక్కరు ఆవిడ వైపు తిరిగి ఒక్క ముక్క అడగలేదు.

నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను, అది దాచను. సందర్శకుల బల్ల మీంచి ఉద్యోగులెవరైనా మాట్లాడితే మెమో ఇస్తారు. నాకు రిటైర్మెంటు రెండేళ్లుంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను, బయటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో మీటింగులో ఏడుగురు చేతులెత్తారు. తీర్మానం గెలిచింది. ఇక మినిట్స్ చదివి సంతకం పడటమే తరువాయి.

మర్నాడు పెన్సిలమ్మ డబ్బా తెచ్చుకుని కిందికి దిగింది గానీ మూత తీయలేదు.

"పొద్దున అధ్యక్షుడి గదికెళ్లానక్కా. హాల్లో రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి అని అడిగాను."

"ఏమన్నాడు?"

"నీ గురించి ఇంతమంది మాట్లాడుతుంటే మళ్లీ నువ్వెందుకమ్మా అలసిపోవడం, అన్నాడు."

"ఆయన నోట్లో మన్ను పడ! పోనీలేవే, ఇక్కడికే వచ్చెయ్. ఇద్దరం ఉందాం."

ఆవిడ గది చుట్టూ చూసింది. కిటికీ లేదు, ఒక ట్యూబులైటు, ఇనుప బీరువాలు.

"ఇక్కడ ఎవరూ మాట్లాడరు కదక్కా," అంది. "నేనేం రాయను?"

అప్పుడు ఏడ్చింది. పదిహేడో ఏట సాయంత్రం బడిలో నేర్చుకున్న విద్య అది. ఊళ్లో ఆవిడంత వేగంగా రాసే మనిషి ఇంకొకరు లేరు. స్కార్ఫు తీస్తే దేవుడికిచ్చింది వెనక్కి తీసుకున్నట్టు, తీయకపోతే చేతిలో విద్యను పాతిపెట్టుకున్నట్టు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకో అని, ఒక్క పుస్తకం కూడా సొంతంగా రాయలేని ఏడుగురు చేతులెత్తి చెప్పారు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని అడిగింది, "అక్కా, సాపు ప్రతి ఎలా రాయాలో రూల్సు పుస్తకంలో ఏముంది?"

తీసి చూపించాను. ఒక్క వాక్యమే ఉంది: "సభ్యుల మాటలను ఉన్నది ఉన్నట్టుగా నమోదు చేయవలెను." అంటే పంతొమ్మిదేళ్లుగా ఆవిడ వాళ్ల మాటలను దిద్దింది రూలు ప్రకారం కాదు, మంచితనం కొద్దీ. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, డబ్బా మూత తీసి, శుభ్రంగా అన్నం తిని పైకి వెళ్లింది. తర్వాత మూడు రోజులు కిందికి రాలేదు.

తర్వాతి నెల మీటింగుకు సందర్శకుల బల్లలన్నీ నిండాయి. స్కార్ఫు తీస్తుందా తీయదా అని చూడటానికొచ్చారు జనం. పెన్సిలమ్మ ఎప్పటి నీలం స్కార్ఫుతోనే లేచి, ఎప్పటిలాగే ఏ భావమూ లేని గొంతుతో చదవడం మొదలెట్టింది.

"అంశం నాలుగు. సిబ్బంది తల మీది వస్త్రం గురించి. కాంట్రాక్టరు గారు: చూడండీ, నేను ఎవరికీ వ్యతిరేకం కాదు. మా ఇంట్లో రంగులేసినవాడు కూడా వాళ్ల మనిషే. కానీ ఫోటోలో చూస్తే ఎలాగో ఉంది. ఏంటంటే... అదే... ఎలాగో ఉంది. అధ్యక్షుల వారు: ఎలాగో అంటే? కాంట్రాక్టరు గారు: ఎలాగో అంటే ఎలాగో అండీ. అధ్యక్షుల వారు: అవునవును. బిస్కెట్లు ఇటు జరపండి."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తల ఎత్తకుండా చదువుతూనే ఉంది.

"లెక్చరరమ్మ గారు: ఈ అభాగ్యురాలికి తన బాధ తనకే తెలియదు. నేను ఇలాంటి స్త్రీల మీద ఎనిమిది వ్యాసాలు రాశాను. పెద్దాయన గారు: ఒక్కరితోనైనా మాట్లాడారా? లెక్చరరమ్మ గారు: మాట్లాడితే వాళ్లు ఒప్పుకోరు కదండీ. పెద్దాయన గారు: మా ఆడవాళ్ల తరఫున మేమున్నాం మాట్లాడటానికి. లెక్చరరమ్మ గారు: మీ ఆవిడ ఏమంటుంది? పెద్దాయన గారు: ఆవిడతో ఈ విషయాలు మాట్లాడను, ఆవిడకు నోరెక్కువ."

ఇక హాలు ఆగలేదు. బల్లలు చరిచి మరీ నవ్వారు. అధ్యక్షుడు గంట మోగించాడు. పెన్సిలమ్మ నవ్వు ఆగేదాకా నిలబడి, మళ్లీ అందుకుంది.

"లెక్చరరమ్మ గారు: మరి కాంట్రాక్టరు గారూ, మీ టోపీ? కాంట్రాక్టరు గారు: టోపీ వేరండీ. టోపీ నా ఇష్టం. అధ్యక్షుల వారు: అమ్మా, టోపీ సంగతి రాయకు. కాంట్రాక్టరు గారు: పుస్తకంలో కాస్త హుందాగా రాయమ్మా, నేను సమానత్వం గురించి మాట్లాడినట్టు. అధ్యక్షుల వారు: అది చూసుకుంటుందిలే, దానికి అలవాటే."

కాంట్రాక్టరు ఎర్రబడి లేచాడు. "నేనలా అనలేదు!"

అనకూడదు ఆ మాట. అన్నాక రూలు రూలే. పెన్సిలమ్మ షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కు తెరిచి, "టోపీ వేరండీ, టోపీ నా ఇష్టం" అని మళ్లీ చదివింది. ఆయన "అది కాదు, ఆ తర్వాతది" అన్నాడు. ఆవిడ తర్వాతది కూడా మళ్లీ చదివింది. ఆయన చేయి తెలియకుండానే టోపీ మీదికి పోయింది. తీయాలో ఉంచాలో తోచక, అలా పట్టుకునే కూర్చున్నాడు. లెక్చరరమ్మ కళ్లద్దాలు తుడుచుకోవడంలో మునిగిపోయింది. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అక్కడేదో వింత జరుగుతున్నట్టు.

"ఇదేంటమ్మా, ఇలా రాశావు?" అన్నాడు అధ్యక్షుడు. పాపం ఆయన మొహంలో కోపం కంటే దిగులే ఎక్కువుంది. అల్లుళ్లు గుర్తొచ్చి ఉంటారు.

ఆవిడ జవాబు చెప్పలేదు, చెప్పకూడదు కదా. కూర్చుని ఆయన ప్రశ్నను నోటుబుక్కులో రాసుకుంది.

"అది రాయకమ్మా!"

అది కూడా రాసుకుంది.

"సరే, సరే. అధ్యక్షుడిగా నేను అనుమతిస్తున్నాను. ఏం చెప్పాలో చెప్పు."

పెన్సిలమ్మ లేచింది. "నేను మాట్లాడితే రాసేదెవరండీ? పుస్తకంలో లేని మాట మాట్లాడినట్టు కాదు కదా."

ఆయన సభ్యుల వైపు చూశాడు. ఒకాయనకు చెయ్యి నొప్పి, ఇంకొకాయన కలం తేలేదు. పదకొండు మందిలో నాలుగు వాక్యాలు రాసే దిక్కు లేదు. చివరికి అధ్యక్షుడే చెయ్యి చాచాడు. ఆవిడ తన చేతిలో పెన్సిలు ఆయనకిచ్చింది, నోటుబుక్కులో కొత్త పేజీ తీసి ముందు పెట్టింది. పంతొమ్మిదేళ్లలో హాల్లో ఆవిడ సొంత మాటలు వినడం అదే మొదలు.

"నేను దీన్ని పదహారో ఏట కట్టుకున్నాను. మా అమ్మ కట్టుకోలేదు, నా కూతురు కట్టుకోదు. నన్ను కట్టుకోమని ఎవరూ కొట్టలేదు, విప్పమని కూడా మీరు తప్ప ఎవరూ అనలేదు. పెద్దాయన గారూ, ఇది మీ పరువు కాదండీ. మా ఆయన పరువు కూడా కాదు, ఆయన దీన్ని ఇస్త్రీ చేస్తాడంతే. ఇది నాకూ దేవుడికీ మధ్య మాట. లెక్చరరమ్మ గారూ, మీ మనసు మంచిదే. కానీ నాకు బాధ ఉంటే నేనే చెప్తాను, మీరు ఊహించుకుని ఏడవక్కర్లేదు. కాంట్రాక్టరు గారూ, మీ టోపీ కింద ఏముందని నేనెప్పుడూ అడగలేదు. మూడు మీటింగుల్లో నా గురించి ఏడు గంటలు మాట్లాడారు. నన్నొక్క ప్రశ్న అడగలేదు. పంతొమ్మిదేళ్లు మీ మాటలు నాకంటే శ్రద్ధగా ఎవరూ వినలేదు, మీ ఇళ్లలోవాళ్లు కూడా. నా పనిలో తప్పుంటే చూపించి తీసేయండి. నా తల జోలికి మాత్రం రాకండి."

కూర్చుంది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి.

ఈ పేజీని ఆమోదించేవారు చేతులెత్తండి అన్నాడు అధ్యక్షుడు. ఎత్తితే ఆ మాటలన్నీ గ్రంథాలయానికి పోతాయి, ఊరంతా చదువుతుంది. ఒక్క చెయ్యి లేవలేదు. తీర్మానం గెలిపించిన ఏడుగురివీ ఒళ్లోనే ఉండిపోయాయి. సంతకం పడలేదు కాబట్టి తీర్మానం చెల్లలేదు.

సాయంత్రం అధ్యక్షుడు ఆవిడను గదికి పిలిచి బేరం పెట్టాడు. "స్కార్ఫు సంగతి మేం వదిలేస్తాం, నువ్వు పాత పద్ధతిలో రాసెయ్యి" అని. "స్కార్ఫు మీ దగ్గర లేదు కదండీ, వదిలేయడానికి" అందట. "రాయడం ఇక నుంచి రూల్సు పుస్తకం ప్రకారమే రాస్తాను" అని వచ్చేసింది. అప్పటినుంచి మా మీటింగులు అరగంటలో అయిపోయేవి. తమ మాట తామే విని భయపడే స్థితికొచ్చారు మహానుభావులు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఆవిడ మాటల్ని అధ్యక్షుడు రాశాడని చెప్పాను కదా? ఆ పేజీ మర్నాడు నాకు చూపించింది. నాలుగు నిమిషాలు మాట్లాడిన మనిషి గురించి ఆయన రాసినది ఇదీ: "సిబ్బంది ఒకరు మాట్లాడారు."

"ఇదేంటే! నీ మాటలు నువ్వే రాసి పెట్టు" అన్నాను.

"నా మాటలు నేనే రాసుకుంటే అది మినిట్స్ కాదక్కా, ఉత్తరం అవుతుంది. వేరే ఎవరైనా అంటేనే నేను రాయాలి." ఆ ముక్క చెప్పి తల తిప్పుకుంది. స్కార్ఫు మీద గెలిచినప్పుడు కూడా ఆవిడ మొహం వెలగలేదని నాకప్పుడు తట్టింది. ఇంతమంది చెత్త వాగుడుకు బీరువాల నిండా చోటుంది, ఆవిడ నాలుగు మాటలకు అరపేజీ లేదు.

తర్వాతి నెల ఆ పేజీని ఆవిడే నిలబడి చదివింది. "అంశం తొమ్మిది. సిబ్బంది ఒకరు మాట్లాడారు." అధ్యక్షుడు "సరిగ్గానే ఉంది కదా?" అన్నాడు. "ఉంది, ఉంది" అని పదకొండు చేతులు లేచాయి, టోపీ ఆయనదీ, పెద్దాయనదీ, లెక్చరరమ్మదీ. తాము అన్న మాటలకు లేవని చేతులు ఆవిడ మాటలు లేని కాగితానికి ఎంత చురుగ్గా లేచాయో! ఆయన సంతకం పెట్టేశాడు.

నేను లేచి నిలబడ్డాను.

"సరిగ్గా లేదు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆవిడ ఏమందో నేను చెప్తాను, వినండి."

గంట మోగింది. గార్డు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. నాకేమీ లెక్కలేదు. ముప్ఫై ఏళ్లు మినిట్స్ చదివి చదివి నా బుర్రే ఒక బీరువా అయిపోయింది, ఒకసారి విన్నది పోదు. "నేను దీన్ని పదహారో ఏట కట్టుకున్నాను" దగ్గర మొదలెట్టాను. గార్డు లాగుతున్నాడు, నేను బల్ల అంచు పట్టుకుని ఇస్త్రీ మాట, ఏడుపు మాట, టోపీ మాట, ఏడు గంటల మాట, ఒక్కటి వదలకుండా అరిచాను. "నా తల జోలికి మాత్రం రాకండి" అనేసరికి గుమ్మం దాటించేశారు. దాటుతూ వెనక్కి చూశాను. పెన్సిలమ్మ తల ఎత్తలేదు. కళ్లలోంచి నీళ్లు కాగితం మీద పడుతున్నాయి, పెన్సిలు మాత్రం పరుగెడుతోంది.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. సభలో అనుమతి లేకుండా కేకలు వేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఏం కేకలు వేశానో రుజువు ఉండాలి కదా, అందుకని మినిట్స్ నుంచి నా కేకల పూర్తి పాఠం తీసి మెమోకు జతచేశారు. రెండు పేజీలు, అక్షరం తేడా లేదు. ఆ రెండు పేజీల కిందా అధ్యక్షుడి సంతకం ఉంది, ఆఫీసు ముద్ర ఉంది. తాను దేని మీద సంతకం పెడుతున్నాడో ఆ మనిషి ఏనాడు చదివాడు గనక!

మెమోను "సిబ్బంది ఒకరు మాట్లాడారు" పేజీ పక్కనే పెట్టి బైండు చేయించాను. సంజాయిషీకి మూడు రోజులు గడువిచ్చారు. నాకు మూడు నిమిషాలు కూడా పట్టలేదు. "అన్నాను" అని రాసి, కింద సంతకం పెట్టి, పైకి పంపించాను.